రెండో తాళంచెవి

గొడవ 86 డాలర్ల దగ్గర మొదలైంది.

నాన్న మా ఇంటికి, డాలస్ పక్కన ఫ్రిస్కోకి వచ్చి నెలన్నర అయింది. ఇక్కడ ఆయనకి పొద్దున్నే గుమ్మంలో పడే పేపరు లేదు, టీకొట్టు బెంచీ లేదు. ఉన్న ఒక్క కాలక్షేపం అల్లుడు. జనం మర్చిపోయి వదిలేసిన డబ్బుల జాబితాని టెక్సస్ ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పెడుతుంది. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా ఆయన ల్యాప్‌టాప్ ముందేసుకుని అందులో మా పేర్లు వెతికాడు. ఎప్పుడో ఖాళీ చేసిన అపార్ట్‌మెంటుకి కట్టిన 86 డాలర్ల కరెంటు డిపాజిట్ బయటపడింది. నాన్న కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఆయన 34 ఏళ్లు ట్రెజరీలో చేశారు. జూనియర్ అకౌంటెంటుగా చేరి, గుంటూరు జిల్లాలోనే నాలుగైదు ఊళ్లు తిరిగి, సబ్ ట్రెజరీ ఆఫీసరుగా రిటైరయ్యారు. ప్రభుత్వం దగ్గర పరాయి సొమ్ము ఉందంటే ఆయనకి నిద్ర పట్టదు.

నాన్న: మీ రాష్ట్రం ట్రెజరరు బుద్ధిమంతుడిలా ఉన్నాడే అల్లుడుగారూ. దాచిపెట్టి, అడిగితే ఇచ్చేస్తానంటున్నాడు.

మా ఆయన: టెక్సస్‌కి ట్రెజరరు లేడండీ మావయ్యగారూ. 1996లో ఆ పదవే ఎత్తేశారు. ఇది కంప్ట్రోలర్ ఆఫీసు. రాసేటప్పుడే మధ్యలో ‘ప’, పలికేటప్పుడు కంట్రోలరే.

నాన్న: ఎత్తేశారా! మరి తాళం ఎవరి దగ్గరుంటుంది?

తాళం మాట నాన్న నోట వచ్చిందంటే ఇక పన్నెండు దాటుతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దుతూ వింటున్నాను.

మా ఆయన: ఈ రోజుల్లో తాళం ఎక్కడిదండీ? 1836లో టెక్సస్ ఇంకా అమెరికాలో కలవలేదు. సొంత దేశంగా ఉన్నప్పుడు ఆసా బ్రిగమ్ అనే ఆయన్ని మొదటి ట్రెజరరుగా పెట్టుకున్నారు. అప్పుడంటే పెట్టె ఉంది, పెట్టెకి మనిషి కావాలి. 1876 రాజ్యాంగం వచ్చాక కూడా జనం ఓట్లేసి ఎన్నుకునే పదవే అది. ఫలానావాళ్లకి ఇంత ఇమ్మని కంప్ట్రోలర్ వారంట్ రాస్తాడు. ట్రెజరరు ఇస్తాడు. రెండు ఆఫీసులు, రెండు రకాల సిబ్బంది, ఒకే లెక్క రెండుసార్లు. 1941 నుంచి 1977లో చనిపోయేదాకా ఒక్కాయనే ట్రెజరరు. పేరు చెప్పమంటారా? జెస్సీ జేమ్స్.

నాన్న: ఎవరు, ఆ బ్యాంకులు దోచిన బందిపోటా?

మా ఆయన: పేరొక్కటే. మనిషి వేరు. ఆయన తర్వాత వచ్చినాయన వారెన్ హార్డింగ్. అదీ ఒకప్పటి అమెరికా ప్రెసిడెంటు పేరే. మీరే చెప్పండి, బ్యాలెట్ కాగితం మీద ఆ పేర్లుంటే వేలు వాటి మీదకి పోదూ? ఖజానా చూసేవాణ్ని ఓట్లతో ఎన్నుకుంటే ఇంతే. లెక్కలొచ్చా అని అడిగేవాడుండడు.

నాన్న: మా ట్రెజరీలో లెక్కలు రానివాళ్లు లేరంటారా? సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి వచ్చినవాళ్లే! సరే, ఆ హార్డింగ్ ఏమయ్యాడు?

మా ఆయన: ఆయన మీద కేసు నడుస్తుంటే 1982 ఎన్నికల్లో ఆన్ రిచర్డ్స్ గెలిచింది. గట్టి మనిషి. వచ్చిన చెక్కులు ఆఫీసులో పడి ఉండకుండా వెంటనే బ్యాంకులో పడేటట్టు చేసి వడ్డీ రాబట్టింది. తర్వాత గవర్నరయింది. ఆ గవర్నరే 1993లో మార్తా వైట్‌హెడ్‌ని ట్రెజరరుగా వేసింది. ఈవిడ 1994లో ఎన్నికలకి వెళ్లి ఏమందో తెలుసా? నన్ను గెలిపిస్తే నా పదవిని నేనే రద్దు చేయిస్తానంది. గెలిచింది. 1995 నవంబరులో జనం సరేనని ఓటేశారు, మరుసటి ఏడు తాళం వేసి వెళ్లిపోయింది. మిన్నెసోటావాళ్లూ 1998లో ఓటేసి 2003లో ఎత్తేశారు. ఆకాశం విరిగి పడలేదు.

నాన్న: కుర్చీ వద్దనుకున్న మనిషిని ఇన్నేళ్ల నా సర్వీసులో చూడలేదు. ఆవిడకి దండం. కానీ ఆవిడ చేసింది మాత్రం తప్పు.

మా ఆయన నవ్వాడు. నాన్న నవ్వలేదు.

నాన్న: మా స్ట్రాంగ్ రూమ్ తలుపుకి రెండు తాళాలు. ఒక చెవి సబ్ ట్రెజరీ ఆఫీసరు, అదే ఎస్టీవో దగ్గర, రెండోది ష్రాఫ్ దగ్గర. ఊళ్లో షరాబు అనేవాళ్లు. ఆయన జీతం నా జీతంలో సగం. కానీ ఆయన రాకపోతే నేను లోపల అడుగు పెట్టలేను. నేను లేకపోతే ఆయనా పెట్టలేడు. లోపల స్టాంపు పేపర్లు, కోర్టు ఫీజు స్టాంపులు, వేరే ఆఫీసులవాళ్లు లక్క ముద్ర వేసి దాచుకున్న పెట్టెలు. ఏ కట్ట తీసినా డబుల్ లాక్ రిజిస్టర్లో ఎన్ని తీశాం, ఎన్ని మిగిలాయి, ఇద్దరి సంతకాలు. ఒకసారి సాయంత్రం ఐదున్నరకి ఒక పెద్ద ఆఫీసరు జీపు పంపాడు. ఎవరు, ఏ శాఖ అని అడక్కండి. దాచిన పెట్టె ఇప్పుడే కావాలట. ష్రాఫ్ భార్య శ్రీమంతానికని అత్తగారి ఊరెళ్లాడు. నీ తాళం తీసి రెండోది పగలగొట్టవయ్యా అని ఫోన్లో అరుపులు. నేను తియ్యలేదు. మెట్ల మీద కానిస్టేబుల్ పక్కన కూర్చున్నా. రాత్రి పదకొండింటికి ఆఖరి బస్సులో దిగాడు ష్రాఫ్. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని ఉన్నాడు.

మా ఆయన: ఆ పదకొండింటిదాకా ఆగడంవల్ల ఎవరికి లాభమండీ?

నాన్న: ఎవరికీ లేదు. అదే కదా నేను చెప్పేది.

ఇక్కడ నేను ఒక్క మాట చెప్పాలి. ఆ రాత్రి నాన్న ఇంటికి రాలేదని అమ్మ మమ్మల్ని ముగ్గురినీ వెంటేసుకుని ట్రెజరీకి నడిచి వెళ్లింది. లాంతరు వెలుగులో ఆ తలుపు నేనూ చూశాను. గబ్బిలాల వాసన కొట్టే వరండా, దాని చివర రెండు ఇత్తడి తాళాలు. నాకప్పుడు అది దేవుడి గది అనిపించింది. మా ఆయనకి అలా అనిపించాల్సిన పనేమీ లేదు.

మా ఆయన: సరే. అయితే కెంటకీ కథ వినండి. జేమ్స్ టేట్. జనం ముద్దుగా ‘ఆనెస్ట్ డిక్’ అనేవాళ్లు, మన భాషలో నిజాయితీ డిక్కు. 1867లో ట్రెజరరుగా గెలిచాడు. రెండేళ్లకోసారి ఎన్నిక, ప్రతిసారీ ఆయనే. 20 ఏళ్లు. అంత మంచివాడి లెక్కలు ఎవరు చూస్తారు? 1888లో లెక్కలు తనిఖీ చేయిద్దామన్న మాట గట్టిపడింది. మార్చి నెలలో ఒకరోజు ఆఫీసులో పొగాకు సంచులు రెండు తీసి బంగారు, వెండి నాణేలు నింపుకుంటుంటే గుమాస్తా చూశాడట. ఏమీ అనుకోలేదు. నిజాయితీ డిక్కు కదా! లూయీవిల్ వెళ్తున్నానని రైలెక్కాడు. మళ్లీ కనిపించలేదు. దాదాపు 2,47,000 డాలర్లు తక్కువొచ్చాయి. పెట్టెలో మిగిలినవి నాయకులకి చేబదుళ్లు ఇచ్చిన చీటీలు.

నాన్న: ఆహా! చేబదుళ్లు. అందుకే లెక్క అడగలేదు వాళ్లు.

మా ఆయన: తర్వాత కూతురికి ఏవేవో దేశాలనుంచి ఉత్తరాలు రాశాడంటారు. చివరికి ఎక్కడ పోయాడో ఎవరికీ తెలీదు. అదే కాలంలో లూయిజియానా ట్రెజరరు ఎడ్వర్డ్ బర్క్ మీద రాష్ట్రం బాండ్లు కాజేశాడని కేసు పడింది. ఆయన హొండురాస్ పారిపోయి 1928లో అక్కడే పోయాడు. ఇద్దరికీ తాళంచెవులున్నాయి, ఓట్లున్నాయి.

నాన్న: మన రామదాసూ ఖజానా సొమ్మే వాడాడు. కాకపోతే ఆయన గుడి కట్టాడు, ఈయన సంచి కట్టాడు. రామదాసుని కనీసం జైల్లో పెట్టారు.

మా ఆయన: మీరు మాట మారుస్తున్నారు.

నాన్న: లేదు. టేట్ ఎందుకు పారిపోయాడు? తనిఖీ అన్నారు కాబట్టి. పదవి ఉండటం తప్పు కాదు, 20 ఏళ్లు ఇంకో మనిషి ఆ పెట్టెలోకి తొంగిచూడకపోవడం తప్పు. ఆ తర్వాత వాళ్లేం చేశారు? పదవి ఎత్తేశారా?

మా ఆయన: లేదు. 1891లో కొత్త రాజ్యాంగం రాసుకుని, ఒకసారి చేసినవాడు వెంటనే రెండోసారి పోటీ చెయ్యకూడదన్నారు. వందేళ్లు అలాగే ఉంది. 1992లో సడలించి వరసగా రెండుసార్లు చెయ్యొచ్చన్నారు. ఇప్పటికీ ఎన్నికే.

నాన్న: చూశారా. దొంగ పడ్డాడని తలుపు పీకెయ్యలేదు, గొళ్లెం మార్చారు.

ఈ రౌండు నాన్నదే. మా ఆయన కూడా ఒప్పుకున్నట్టే లేచి వెళ్లి ఇద్దరికీ మజ్జిగ తెచ్చాడు. కూర్చోగానే అసలు బాణం తీశాడు.

మా ఆయన: మరి అప్పటి బీహార్‌లో చాయిబాసా సంగతేంటి? 1996 జనవరి. పశుసంవర్ధక శాఖ పేరు మీద దొంగ బిల్లులు. మీలాంటి ట్రెజరీయే, మీలాంటి రూల్సే, మీలాంటి ఆఫీసర్లే. బడ్జెట్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు డ్రా చేశారు. పశువుల దాణా కుంభకోణం మొత్తం 950 కోట్లన్నారు. అక్కడ డిప్యూటీ కమిషనరు వెళ్లి రికార్డులు సీజ్ చేసేదాకా ఏ తాళంచెవీ అడ్డం పడలేదు. శిక్షలు పడ్డవాళ్లలో ట్రెజరీవాళ్లూ ఉన్నారు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నారు. ఆ వార్త వచ్చిన రోజుల్లో ఆయన ఆఫీసునుంచి వచ్చి భోజనం చెయ్యకుండా పడుకోవడం నాకు గుర్తుంది. బీహారెక్కడ, పల్నాడెక్కడ! అయినా తన ఇంట్లో దొంగతనం జరిగినట్టే బాధపడ్డారు.

నాన్న: అది మా కులానికి మచ్చ. కాదనను. కానీ ఆ ట్రెజరీ ఆఫీసరు పోస్టింగు ఎవరి చేతిలో ఉంది? కాదంటే మర్నాడు ఎక్కడుంటాడు? నా సంగతే చెప్తా వినండి. మార్చి నెల. బిల్లు వచ్చింది. శాసనసభ ఆమోదించిన బడ్జెట్ ఉంది, బిల్లు పంపిన ఆఫీసరు సంతకం ఉంది, నేను లెక్క చూసి పాస్ చేశా. పైనుంచి ఫోను. కాగితం ఉండదు, ఫోనే. ఫలానా పద్దు కింద బిల్లులు ఆపండి. ఏ ప్రభుత్వమని అడక్కండి. ఫ్రీజింగు అంటారు దాన్ని, పేపర్లో కూడా అదే మాట. ఒక రిటైరైన మేష్టారు కూతురి పెళ్లికని పీఎఫ్ డబ్బు కోసం పదకొండుసార్లు వచ్చాడు. టోకెన్ నంబరు చేతిలో పట్టుకుని. ఆయన మొహం చూడలేక నేను వెనక గుమ్మంలోంచి ఇంటికి పోయేవాణ్ని. నేనెవర్ని? ఎస్టీవోని. నా చేతిలో తాళంచెవి ఉంది, కాదనే నోరు లేదు. మీ ట్రెజరరుకి ఆ నోరుంది. వాణ్ని ఫైనాన్సు సెక్రటరీ ట్రాన్స్‌ఫర్ చెయ్యలేడు, గవర్నరు తియ్యలేడు. జనం వేసినవాడు.

ఇన్నేళ్లుగా నాన్న ఓట్లతో గెలిచేవాళ్లని ఒక్క మంచి మాట అనగా వినలేదు నేను. ఇవాళ ఆయనే ఓట్ల పక్షాన కూర్చుంటే, ఓట్ల దేశంలో ఉంటున్న అల్లుడు ఉద్యోగుల పక్షాన మాట్లాడుతున్నాడు. దూరపు కొండలు ఎవరికైనా నునుపే.

మా ఆయన: మావయ్యగారూ, ఖజానాలో డబ్బు లేకపోతే జనం వేసినవాడైనా ఏం ఇస్తాడు? మన రాష్ట్రాల ఖాతా రిజర్వ్ బ్యాంకులో. చేబదులు పరిమితి దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లోకి వెళ్లి, 14 పనిదినాల్లో తీర్చకపోతే చెల్లింపులు ఆపేస్తుంది. తాళంచెవి తిప్పితే లేని డబ్బు వస్తుందా?

నాన్న: రాదు. కానీ లేదని బోర్డు మీద రాసి పెట్టేవాడు ఒకడుండాలి. నాకు కావలసింది అంతే. మేష్టారికి నేను ‘సర్వర్ పనిచెయ్యట్లేదు’ అని చెప్పా. అబద్ధం. ఖజానాలో ఇంతే ఉంది, ముందు వీళ్లకిస్తాం, మీకు జూన్‌లో అని చెప్పి ఉంటే ఆయన వేరే దారి చూసుకునేవాడు.

మా ఆయన: అది చెప్పడానికి ఎన్నిక ఎందుకండీ, చట్టం చాలు. ఇప్పుడు ట్రెజరరు పని కాపలా కాదు, మదుపు. వెస్ట్ వర్జీనియాలో జేమ్స్ మాంచిన్ అని ట్రెజరరు. జనానికి ప్రాణం. ఒక్క రూపాయి ఇంటికి తీసుకెళ్లాడని ఎవరూ అనలేదు. కానీ ఆయన ఆఫీసు చూసే పెట్టుబడుల నిధి బాండ్ల వ్యాపారంలో 27 కోట్ల 90 లక్షల డాలర్లు పోగొట్టింది. 1989లో అభిశంసన పెట్టారు, విచారణకి ముందే రాజీనామా చేశాడు. ఉపన్యాసం బాగా ఇచ్చేవాడికి బాండ్ల లెక్క తెలియాలని ఎక్కడుంది? మిషిగన్, న్యూజెర్సీలాగా గవర్నరే చదువుకున్నవాణ్ని వేసుకుంటే నయం కదా.

నాన్న: గవర్నరు వేసినవాడు గవర్నరుకి లేదని చెప్తాడా? అది నా ఉద్యోగమే, జీతం ఎక్కువ.

మా ఆయన: అయితే మధ్యేమార్గం ఒకటుంది. మేరీల్యాండ్‌లో ట్రెజరరుని జనం ఎన్నుకోరు, గవర్నరూ వెయ్యడు. చట్టసభలు రెండూ కలిసి ఎన్నుకుంటాయి. మెయిన్, న్యూ హాంప్‌షైర్, టెనెసీల్లో కూడా అంతే. మేరీల్యాండ్‌లో ఇంకో విశేషం, పెద్ద కాంట్రాక్టులు ఖాయం చెయ్యడానికి ముగ్గురితో ఒక బోర్డుంది. గవర్నరు, జనం ఎన్నుకున్న కంప్ట్రోలర్, సభ ఎన్నుకున్న ట్రెజరరు. తలా ఒక ఓటు. ముగ్గురూ మూడు దారుల్లో వచ్చినవాళ్లు.

నాన్న: ముగ్గురు! అదీ లెక్క. గవర్నరుతో సమానంగా ట్రెజరరుకీ ఒక ఓటా? ఇది ముందే చెప్పొచ్చుగా.

మా ఆయన: చెప్తే మీరు ఒప్పేసుకుంటారని చెప్పలేదు. 1890లో అక్కడి ట్రెజరరు స్టీవెన్‌సన్ ఆర్చర్ కూడా 1,32,000 డాలర్లు తిని జైలుకెళ్లాడు. సభే ఎన్నుకుంది ఆయన్ని.

నాన్న: ఎక్కడ పట్టుకొస్తారండీ ఈ దొంగలందర్నీ!

నాన్న నవ్వు అప్పుడు వచ్చింది. గట్టిగా, దగ్గు వచ్చేదాకా.

మా ఆయన: నేను చెప్పేది ఒక్కటే. ఓట్లతో వచ్చినా దొంగ పడ్డాడు, సభ ఎన్నుకున్నా పడ్డాడు, పరీక్ష రాసి వచ్చినా పడ్డాడు. అలాంటప్పుడు ఆ మనిషే లేకుండా చేసి, ఎవరెప్పుడు ఏం నొక్కారో మిషన్‌లో పడేటట్టు పెట్టడమే మేలు. ఆంధ్రాలో కూడా బిల్లులు ఆన్‌లైనే కదా ఇప్పుడు.

నాన్న: నేను రిటైరయ్యే ముందే వచ్చింది. వేలిముద్ర, డిజిటల్ సంతకం, పాస్‌వర్డు. ఒక ఆఫీసుకి తనిఖీకి వెళ్తే ఆఫీసరు లేడు. బిల్లులు మాత్రం వెళ్తున్నాయి. ఎలా అంటే, కుర్రాడు మానిటర్ అంచు చూపించాడు. పసుపు చీటీ మీద ఆఫీసరు పాస్‌వర్డు, కింద ఇంకో చీటీ మీద అకౌంటెంటు పాస్‌వర్డు. మిషన్ లెక్కలో ఇద్దరు మనుషులు నొక్కారు. గదిలో ఉన్నది ఇరవై రెండేళ్ల కుర్రాడొక్కడే. మా ష్రాఫ్ తన తాళంచెవి నాకెప్పుడూ ఇవ్వలేదండీ. ఒళ్లు కాలిపోయే జ్వరంతో కూడా వచ్చి, తలుపు తీసి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చునేవాడు. నా మీద నమ్మకం లేక కాదు.

మా ఆయన ఏదో అనబోయి ఆగాడు. కంపెనీలో తన పాస్‌వర్డు టీములో ఎంతమందికి తెలుసో నాకు తెలుసు. నేను నోరు మెదపలేదు.

పన్నెండు దాటింది. మా ఆయన ల్యాప్‌టాప్ మళ్లీ ముందుకి లాక్కుని, ఆ 86 డాలర్లకి క్లెయిము నింపడం మొదలుపెట్టాడు. పాత అడ్రసు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఆఖరి అంకెలు. నాన్న పక్కనుంచి ప్రతి గడీ చదువుతున్నారు, బిల్లు పాస్ చేస్తున్నట్టే. ఒక చోట వేలు పెట్టి ఆపారు.

నాన్న: ఇక్కడ రెండు పేర్లున్నాయే.

మా ఆయన: అవును, కరెంటు ఖాతా ఇద్దరి పేరు మీదా తీసుకున్నాం. పర్లేదు, తన తరఫున నేనే నొక్కేస్తా.

నాన్న వంటింటి వైపు చూసి నన్ను పిలిచారు. చేతులు తుడుచుకుని వచ్చాను. కళ్లజోడు తీసి నా చేతికిచ్చి, చదివి సంతకం పెట్టమన్నారు.